గాజుతొట్టిలో నీరు తెల్లబడుట ఏల?

గాజుతొట్టిలో క్రొత్తగా నీరు నింపి చేపలను విడిచిన రెండు మూడు దినములకు ఆ నీరు పాలు కలిపినట్లు తెల్లబడుట తరచుగా జరుగును. చాలమంది అది చూచి నీరంతయు పారబోసి, ఇసుకను కడిగి, మరల నింపుదురు. కొలది దినములలో మరల అదే తెలుపు. ఇట్లు రెండు పర్యాయములు జరుగునప్పటికి కొన్ని చేపలు చచ్చి తేలును.

కడుగని ఇసుకనుండి వచ్చిన మట్టియైనచో కొన్ని గంటలలో అడుగునకు దిగిపోవును. దిగక నిలిచిన తెలుపు బాక్టీరియముల సమూహము. మిగిలిన మేత, చేపల మలము, కుళ్లిన ఆకులు నీటిలో కరగగా, వానిపై బ్రతుకు బాక్టీరియములు వెచ్చని నీటిలో అతివేగముగా వృద్ధిపొందును. ఒక్కొక్కటి కంటికి కనబడదు. కోట్లకొలది చేరినపుడు వెలుగును చెదరగొట్టి నీటిని తెల్లగా చూపును. ఇవియు చేపలవలెనే ఆమ్లజనిని వాడుకొనును. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుచున్నచో ఆమ్లజని తగ్గినదని గ్రహింపవలెను.

ఇంతకంటె పెద్ద అపాయము కంటికి కనబడదు. చేపలు మొప్పలద్వారా విడుచు అమ్మోనియా వానికే విషము. దానిని నైట్రైటుగాను, ఆ నైట్రైటును అంతగా హానిచేయని నైట్రేటుగాను మార్చు బాక్టీరియములు వేరు. రష్యను శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున వీనిని వేరుపరచి చూపెను. ఇవి ఇసుకను, రాళ్లను అంటుకొని మిక్కిలి మెల్లగా పెరుగును. క్రొత్త తొట్టిలో చాలినంతగా పెరుగుటకు సుమారు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. ఇసుకను కుళాయినీట కడిగినచో అందలి క్లోరిన్ వీనినే చంపును. పని మరల మొదటికి వచ్చును.

కావున ఒకటి రెండు దినములు మేత ఆపవలెను. ఆరోగ్యముగల పెద్ద చేపలకు దీనివలన హాని లేదు. అడుగున కుళ్లినదానిని రబ్బరు గొట్టముతో లాగివేసి, నాలుగవవంతు నీటిని మాత్రమే మార్చవలెను. కుళాయినీటిని వెడల్పు పాత్రలో ఒక దినము ఉంచినచో క్లోరిన్ చాలవరకు పోవును. క్లోరమిన్ కలిపిన నీటికి ఈ ఉపాయము చాలదు. నీరు ఆకుపచ్చగా మారినచో అది శైవలముల పని. తొట్టిని ఎండనుండి జరుపవలెను.

లండనులో రసాయనజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్‌కు ఇట్టి చిక్కే ఎదురయ్యెను. బంగారు చేపలతోపాటు ఆతడు నాటిన వాలిస్నేరియా ఆకులు కుళ్లి నీరు మడ్డిపట్టెను. ఆతడు నీరు మార్చక, నీటినత్తలను విడిచెను. అవి కుళ్లినదానిని తినగా నీరు తేటపడెను. వాని గ్రుడ్లు చేపలకు మేతయయ్యెను. ఈ సంగతి 1850లో ప్రకటింపబడెను. అయినను నత్తలను డజన్లకొలది విడుచుట తగదు, అవియు విసర్జించునవే.

పాఠశాలలో దీనిని చూపుట సులభము. రెండు సీసాలలో బావినీరు పోసి, ఒకదానిలో నాలుగు అన్నపు మెతుకులు వేసి ఉంచవలెను. మూడవనాడు మెతుకులు వేసిన సీసానుండి ఒక చుక్క తీసి సూక్ష్మదర్శినిలో 400 రెట్లు పెంచి చూచినచో, తెలుపునకు కారణమైన జీవులు చిన్న చుక్కలవలె కదలుచు కనబడును.