ఆగిన బొమ్మరైలును అటకెక్కించే ముందు...

సముద్రం పక్కన కాపురమంటే ఉప్పుగాలితో రోజూ పేచీయే. ఉప్పాడలాంటి ఊళ్లలో ఆడవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కిటికీ ఊచలు, గేటు గడియ, ఫ్యాను రెక్కలు... ఎన్నిసార్లు రంగు వేయించినా తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. అందుకే జరీ చీరను నూలుగుడ్డలో చుట్టి, చెమ్మ తగలనిచోట దాచుకుంటాం. మరి పిల్లల ఎలక్ట్రిక్ బొమ్మరైలు మాటేమిటి?

ఉప్పాడకు రైలు లేదు. ఎక్కాలంటే పిఠాపురమో, సామర్లకోటో, కాకినాడో వెళ్లాల్సిందే. అలాంటిచోట ఏ విదేశంలోని మేనమామో తెచ్చిచ్చిన రైలు నట్టింట్లో గుండ్రంగా తిరుగుతుంటే పిల్లల సంబరం ఇంతా అంతా కాదు. కొన్నాళ్లకు అది ఆగి ఆగి నడుస్తుంది. వేలితో తోస్తే రెండడుగులు వేసి మళ్లీ మొరాయిస్తుంది. "పాడైపోయిందిలే" అని అటక మీద పడేస్తాం. వేల రూపాయల వస్తువు అలా మూలపడుతుంది. చాలాసార్లు మోటారుకేమీ కాదు. పట్టాకూ చక్రానికీ మధ్య చేరిన సన్నటి నల్లమడ్డే అసలు దోషి.

కరెంటు దారి ఇదీ

ముందు మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో చూడండి. ఇంజన్‌లోనే బ్యాటరీలు ఉండి, ప్లాస్టిక్ పట్టాల మీద నడిచేదైతే కరెంటుకూ పట్టాలకూ సంబంధం లేదు. సెల్స్ మార్చి, ఇరుసులకు చుట్టుకున్న వెంట్రుకలు తీస్తే చాలావరకు బాగుపడుతుంది.

లోహపు పట్టాలుండి, గోడ ప్లగ్గుకు పెట్టే అడాప్టరుతో నడిచేది వేరు. ఇందులో ఒక పట్టా నుంచి చక్రం ద్వారా కరెంటు మోటారుకెళ్లి, అవతలి చక్రం ద్వారా రెండో పట్టాలోకి తిరిగొస్తుంది. చాలా రకాల్లో ఈ కరెంటు 12 వోల్టులకు అటూ ఇటూగానే ఉంటుంది. చక్రం పట్టాను తాకే చోటు ఆవగింజంత కూడా ఉండదు. అక్కడ కాస్త జిడ్డు చేరినా దారి మూసుకుపోతుంది. తాకీతాకనట్టు తిరిగే చక్రం దగ్గర చిన్నచిన్న నిప్పురవ్వలు లేచి, ఆ మడ్డిని మరింత నల్లగా మారుస్తాయి. దానికి ఉప్పుగాలి, చెమ్మ తోడైతే చెప్పేదేముంది!

పెద్ద రైళ్లకూ ఈ బాధ తప్పదు. పై తీగ నుంచి 25,000 వోల్టుల కరెంటు అందుకునే ఇంజన్ కూడా దాన్ని చక్రాల ద్వారానే పట్టాల్లోకి తిరిగి పంపుతుంది. చాలాచోట్ల ఫలానా లైన్లో బండి ఉందని సిగ్నళ్లకు తెలిసేది కూడా చక్రాలూ పట్టాలూ కలిసినప్పుడు కరెంటు దారి మారడం వల్లే. బళ్లు తిరగని లైను తుప్పుపడితే అక్కడా చిక్కే.

చింతపండు వద్దు, గరుకు కాగితం వద్దు

పాత రకం బొమ్మ పట్టాలు కొన్ని ఇత్తడివి. ఇత్తడికి చిలుము పడుతుందని మనకు తెలిసిందే. అలాగని బిందెను తోమినట్టు చింతపండుతో తోమకండి. పులుపూ నీళ్లూ పట్టాల అతుకుల్లోకి దిగి, లోపల పాడుచేస్తాయి. కొంచెం ఖరీదైన సెట్లలో పట్టాలు నికెల్ సిల్వర్‌వి. పేరులో వెండి ఉన్నా అందులో వెండి ఉండదు. రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమమది. మన కుంకుమ భరిణెల జర్మన్ సిల్వర్ ఇదే. ఇత్తడి కన్నా నెమ్మదిగా నల్లబడుతుంది.

గరుకు కాగితంతో రుద్దితే పట్టా అప్పటికి తళతళలాడుతుంది. కానీ దాని మీద పడిన గీతల్లోకే మురికి చేరి, ఈసారి ఇంకా త్వరగా నల్లబడుతుంది. గిన్నెలు తోమే స్టీలు పీచు అంతకన్నా ప్రమాదం. విరిగిన ముక్కల్ని మోటారులోని అయస్కాంతం లోపలికి లాగేసుకుంటుంది.

పావుగంట పని

* ముందు ప్లగ్గు తీసేయండి. పొడి బ్రష్‌తో పట్టాల మీది దుమ్ము, ఇసుక దులపండి.

* మందుల షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది. పాత నూలుగుడ్డకు కొద్దిగా తడిచేసి, పట్టాల పైభాగం, లోపలి అంచు తుడవండి. గుడ్డకు నల్లచారలు అంటడం ఆగేదాకా గుడ్డ మారుస్తూ తుడవాలి. 2020లో కరోనా వచ్చాక ఇంటింటా చేరిన శానిటైజర్ ఉందిగా అనుకోవద్దు. అందులో కలిపే గ్లిజరిన్ పట్టా మీద జిగురుగా మిగిలిపోతుంది.

* చక్రాల్ని మర్చిపోతే చేసిన పనంతా వృథా. శుభ్రమైన పట్టా మీద మురికి చక్రం రెండు చుట్లు తిరిగితే కథ మళ్లీ మొదటికే. పెట్టెల చక్రాల్ని, ముఖ్యంగా ప్లాస్టిక్‌వాటిని, అగ్గిపుల్ల కొనతో గీకి, తడిగుడ్డతో తుడవండి.

* ఇంజన్‌ను మెత్తటి తువ్వాలు మీద వెల్లకిలా పడుకోబెట్టి, చక్రాల్ని కొద్దికొద్దిగా తిప్పుతూ ఇయర్ బడ్‌తో తుడవండి. కొన్ని చక్రాలకు రబ్బరు పట్టీలుంటాయి. వాటికి స్పిరిట్ తగలనివ్వకుండా, నీళ్లలో ముంచి పిండిన గుడ్డ చాలు.

* ఇరుసులకు చుట్టుకున్న వెంట్రుకల్ని, దారప్పోగుల్ని పట్టుకారుతో లాగేయండి.

* అంతా ఆరి, వాసన పోయాకే ప్లగ్గు పెట్టాలి. ఈ స్పిరిట్‌కు మంట ఇట్టే అంటుకుంటుంది. పొయ్యి దగ్గర, దేవుడి దీపం దగ్గర ఈ పని వద్దు. కిటికీలు తెరిచి, పెద్దవాళ్లే చేయాలి. సీసా పిల్లలకు అందకూడదు. రంగు వేసిన భాగాలకు తగలనివ్వకండి.

'నూనె వేస్తే జోరుగా పోతుంది కదా' అనిపించొచ్చు. పట్టాకు నూనె రాస్తే దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది. కొబ్బరినూనె అసలే వద్దు. ఇరుసు బిగుసుకుపోతే మాత్రం ప్లాస్టిక్‌ను పాడుచేయని పల్చటి నూనెను సూది మొనతో ఒక్క చుక్క అంటించండి.

దాచేటప్పుడు

రైలును నేల మీద, తివాచీ మీద కాకుండా చెక్కపలక మీద నడిపిస్తే దుమ్ము, వెంట్రుకల బెడద సగం తగ్గుతుంది. ఆట అయ్యాక మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే తెల్ల పూసల పొట్లాలు రెండు అందులో వేస్తే చెమ్మను పీలుస్తాయి. సముద్రం దగ్గరివాళ్లు వీటిని తరచూ మార్చాలి. బ్యాటరీ రకమైతే సెల్స్ తీసేసి దాచండి. అవి కారితే లోపలి రేకులు తినేస్తాయి.

ఇంకొక్క మాట. దులపడం, పెట్టెల చక్రాలు గీకడం, వెంట్రుకలు తీయడం పిల్లల చేతే చేయించండి. మగపిల్లలకే కాదు, ఆడపిల్లలకూ ఇవ్వండి ఆ పని. ఆగిన వస్తువల్లా పాడైనట్టు కాదనీ, ఎక్కడ ఆగిందో వెతికి చూడాలనీ వాళ్లకు చిన్నప్పుడే తెలుస్తుంది. రేపు మిక్సీ ఆగినా, టార్చి వెలగకపోయినా "కొత్తది కొందాం" అనే ముందు ఒకసారి ఆలోచిస్తారు.