కొండవాలు తోటలలో నిలుపుదల గోడలు: రకాలు, నీటి పారుదల

2021 నవంబరు మూడవ వారంలో తిరుపతి ప్రాంతంలో కురిసిన కుండపోత వానలకు తిరుమల కనుమ దారులపై కొండచరియలు విరిగిపడ్డాయి. శ్రీవారిమెట్టు నడకదారి దెబ్బతిని నెలల తరబడి మూతపడింది. డిసెంబరు 1న రెండవ కనుమ దారిపై బండలు దొర్లి రహదారి ధ్వంసమైంది. ఆ నవంబరులోనే రాయలచెరువు కట్ట నుండి నీరు ఊరడంతో దిగువ గ్రామాల ప్రజలను తరలించవలసి వచ్చింది. మట్టిలోనూ బండల సందులలోనూ చేరిన నీరు ఎంత పని చేయగలదో ఆ కొద్ది రోజులలో తెలిసివచ్చింది.

చిత్తూరు, తిరుపతి జిల్లాలలో వాలు భూములలోని మామిడి తోటలకు ఇది పరాయి విషయం కాదు. తోటకు దారి తీయాలన్నా, షెడ్డు వేయాలన్నా వాలును కోయక తప్పదు. కోసిన చోట మట్టిని నిలిపేదే నిలుపుదల గోడ, అనగా రిటైనింగ్ వాల్.

గోడపై పడే ఒత్తిడి లోతుతో పాటు పెరుగుతుంది. 4 మీటర్ల ఎత్తు గోడ వెనుక ఇసుకపాలు గల పొడి మట్టి ఉంటే, మీటరు పొడవుకు దాదాపు 5 టన్నుల నెట్టుడు ఉంటుంది. అదే మట్టిలో నీరు పైదాకా నిలిస్తే అది దాదాపు 11 టన్నులకు చేరుతుంది. మట్టి బరువు లెక్కించి నీటిని మరచిన గోడ మొదటి తుపానుకే ముందుకు ఒరుగుతుంది.

రాతి కట్టడపు గోడ తన బరువుతోనే నిలుస్తుంది. దాని పాదం వెడల్పు ఎత్తులో సగం నుండి మూడింట రెండు వంతులు ఉండాలి. అందువల్ల ఎత్తు 3 మీటర్లు దాటితే రాయి ఖర్చు భారమవుతుంది. అంతకు మించితే ఇనుప కడ్డీలతో కూడిన కాంక్రీటు గోడ మేలు. దాని మడమ పలకపై కూర్చున్న మట్టి బరువే గోడను పడిపోకుండా పట్టి ఉంచుతుంది. 6, 7 మీటర్లు దాటిన గోడలకు వెనుక ఆనుడు పలకలు కావాలి. అది ఇంజనీరు పని, రైతు దానికి పూనుకోరాదు. తీగ వలల పెట్టెలలో రాళ్లు నింపే గేబియన్ గోడ నేల కొంత కుంగినా బీటలు వారదు, నీటినీ ఆపదు.

సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన పాత రాతి కట్టలది కూడా ఇదే గుణం: మట్టి ఆగుతుంది, నీరు సందులగుండా జారిపోతుంది. బలం కోసమని వాటి సందులను సిమెంటుతో పూడ్చడం నేడు పరిపాటి అయింది. ఇంతకంటె చేటు వేరొకటి లేదు. సిమెంటు గోడ కట్టక తప్పకపోతే ఒకటిన్నర మీటరుకొకటి చొప్పున సుమారు 10 సెంటీమీటర్ల గొట్టాలు అమర్చి, వాటి వెనుక కంకర, ముతక ఇసుక పొరలు వేయాలి. ఆ పొరలు లేకుంటే ఎర్రనేలల సన్న మట్టి గొట్టాలను పూడ్చివేస్తుంది.

గోడ ఎత్తుకు సమానమైన దూరంలోపు చెట్ల పాదులకు నీరు పెట్టరాదు. పైవాలు నుండి వచ్చే వాననీటిని గోడ చేరకముందే కాలువతో పక్కకు మళ్లించి, ఆ కాలువ గట్టుపై వట్టివేరు నాటవచ్చు. ఈశాన్య రుతుపవనాలు ఇక్కడ అక్టోబరులో మొదలవుతాయి కనుక, గొట్టాల పూడిక తీయడం సెప్టెంబరులోనే ముగించాలి.