బండిని చూసి మనిషిని అంచనా వేయొచ్చా? థార్, సుమో, ‘పీవై’ నంబరు ప్లేటు చెప్పే కథ

‘ఏ బండి ఎంచుకున్నారన్నదే వాళ్ల మనస్తత్వాన్ని చెబుతుంది.’ 2025 నవంబరులో హరియాణా డీజీపీ ఓపీ సింగ్ చేసిన వ్యాఖ్యల సారాంశం ఇది. థార్ జీపు, బుల్లెట్ బైకు నడిపేవాళ్లను ప్రత్యేకంగా ప్రస్తావిస్తూ ఆయన అన్న మాటలు దేశమంతా చర్చకు దారితీశాయి. థార్ యజమానుల్లో చాలామందికి కోపం వచ్చింది. రోడ్డు మీద రోజూ నలిగిపోయేవాళ్లలో చాలామంది ‘నిజమే కదా’ అనుకున్నారు.

ఇలాంటి జాబితా ప్రతి ఊరికీ ఒకటి ఉంటుంది. ‘ఫలానా బండి వస్తోందంటే పక్కకు తప్పుకో’ అని పిల్లలకు చెప్పని ఇల్లు తక్కువ. ఈ నమ్మకాల్లో నిజమెంత? వీటిని నమ్మి పోలీసులు బండి ఆపితే, మనం మన జాగ్రత్త మర్చిపోతే నష్టపోయేది ఎవరు?

తెలుగువారి జాబితాలో ఏముంది?

మన దగ్గర ఈ జాబితాకు సినిమా పెద్ద ఊతం. 1994లో మార్కెట్లోకి వచ్చిన టాటా సుమో, ఫ్యాక్షన్ సినిమాల పుణ్యమా అని కత్తులు, బాంబులు మోసుకొచ్చే బండిగా ముద్ర వేయించుకుంది. వరుసగా నాలుగు సుమోలు దుమ్ము రేపుకుంటూ వచ్చాయంటే థియేటర్లో ప్రేక్షకుడికి తర్వాతి సీను ఏమిటో అర్థమైపోయేది. అదే సుమో ఊళ్లలో పెళ్లివారిని, తిరుపతి యాత్రికులను తీసుకెళ్లింది, అంబులెన్సుగానూ తిరిగింది. 2019లో దాని ఉత్పత్తి ఆగిపోయింది. ముద్ర మాత్రం మిగిలిపోయింది.

తర్వాత ఆ స్థానంలోకి స్కార్పియో వచ్చింది, ఆపైన ఫార్చ్యూనర్. తెల్ల ఇన్నోవా అంటే నాయకుడో అధికారో అన్న లెక్క. వీటికి తోడు నల్ల అద్దాలు, ‘ప్రెస్’, ‘పోలీస్’, ‘ఎమ్మెల్యే’ స్టిక్కర్లు, ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో లక్షలు పోసి పాడుకునే 9999 నంబర్లు. చూసేవాళ్లకు ఇవన్నీ కలిసి ఒకే మాట చెబుతాయి: ‘నన్ను ఆపకు.’

‘పీవై’ అంటే పన్ను ఎగవేతేనా?

బండి మోడల్‌కే కాదు, నంబరు ప్లేటుకూ ఇలాంటి ముద్ర పడుతుంది. పుదుచ్చేరి నంబరు ‘పీవై’ అందుకు మంచి ఉదాహరణ.

పుదుచ్చేరిలో రోడ్డు పన్ను పొరుగు రాష్ట్రాల కన్నా బాగా తక్కువ. తెలంగాణలో 2022లో సవరించిన రేట్ల ప్రకారం 20 లక్షల రూపాయలు దాటిన కారుకు జీవితకాల పన్ను 18 శాతంగా ఉండేది. కోటి రూపాయల కారుకు అది 18 లక్షలు అయ్యేది. అందుకే కొందరు సంపన్నులు పుదుచ్చేరిలో ఏదో ఒక అడ్రసు చూపించి అక్కడ రిజిస్ట్రేషన్ చేయించుకుని, కారును మాత్రం తమ ఊళ్లోనే తిప్పుకునేవారు. 2017లో కేరళలో కొందరు సినీ ప్రముఖుల కార్లపై ఇదే వివాదం పెద్ద వార్త అయింది. 2021లో హైదరాబాద్‌లోనూ రవాణా శాఖ అధికారులు బయటి రిజిస్ట్రేషన్‌తో తిరుగుతున్న ఖరీదైన కార్లను పట్టుకున్నారు. మోటారు వాహనాల చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం, వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచిన బండికి అక్కడి నంబరు తీసుకోవాల్సిందే.

ఇప్పుడు ఇదే ప్లేటును సేదరపేట్ నుంచి చూద్దాం. పుదుచ్చేరి పట్టణానికి వాయవ్యంగా, తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న పారిశ్రామిక ప్రాంతం అది. అక్కడ షిఫ్టుకు వెళ్లే కార్మికుడి స్కూటర్ మీద ఉండేదీ ‘పీవై’ నంబరే. కొన్ని కిలోమీటర్లు వెళ్తే పుదుచ్చేరి గ్రామం పోయి తమిళనాడు గ్రామం వస్తుంది, మళ్లీ పుదుచ్చేరి మొదలవుతుంది. రోడ్డు మీద ‘టీఎన్’, ‘పీవై’ కలిసే నడుస్తాయి. మన తెలుగువారి యానాంకు కేటాయించిన కోడ్ కూడా ‘పీవై 04’. కాకినాడ వెళ్లే యానాం వాసికి అది పన్ను ఎగవేత గుర్తు కాదు, సొంత ఊరి గుర్తు.

ఒకే ప్లేటు హైదరాబాద్‌లో కోటి రూపాయల కారు మీద ఒక అర్థం, సేదరపేట్‌లో స్కూటర్ మీద మరో అర్థం ఇస్తోంది. ముద్రల్లో ఉన్న మొదటి చిక్కు ఇదే. కొందరి విషయంలో నిజమైన సంగతిని అవి అందరికీ అంటగడతాయి.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

అలాగని ఇదంతా ఉత్త అపోహ అనీ కొట్టిపారేయలేం.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో పాల్ పిఫ్ బృందం ఒక కూడలిలో బండ్లను గమనించి, 2012లో ఫలితాలు ప్రచురించింది. తమ వంతు రాకుండానే ఇతరులకు కట్ కొట్టి దూసుకుపోయినవారు అత్యంత ఖరీదైన కార్లలో సుమారు 30 శాతం ఉన్నారు. చవక కార్లలో ఇది అందులో నాలుగో వంతు మాత్రమే. లాస్ వెగాస్ ప్రాంతంలో జరిపిన మరో అధ్యయనం 2020లో వెలువడింది. కారు విలువ వెయ్యి డాలర్లు పెరిగిన కొద్దీ, రోడ్డు దాటే పాదచారికి దారి ఇచ్చే అవకాశం 3 శాతం చొప్పున తగ్గిందని అందులో తేలింది. అయితే ఆ అధ్యయనంలో చూసిన 461 కార్లలో ఆగినవి మొత్తం మీదే 28 శాతం. అంటే చవక కార్లవాళ్లూ పెద్దగా ఆగలేదు.

ఫిన్లాండ్‌లో హెల్సింకీ విశ్వవిద్యాలయానికి చెందిన యాన్ ఎరిక్ లోన్‌క్విస్ట్ బృందం 1,892 మంది కారు యజమానుల స్వభావాలను పరిశీలించింది. మొండితనం, వాదులాట, ఇతరుల పట్ల సానుభూతి లేకపోవడం వంటి లక్షణాలున్న పురుషులు ఆడి, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ వంటి కార్లను ఎంచుకునే అవకాశం ఎక్కువని తేలింది. కారు మనిషిని మార్చడం కన్నా, మనిషే తనకు తగ్గ కారును వెతుక్కుంటున్నాడన్నమాట. కానీ అదే అధ్యయనంలో రెండో సగం కూడా ఉంది. క్రమశిక్షణ, బాధ్యత ఎక్కువగా ఉన్నవారు, ఆడవాళ్లయినా మగవాళ్లయినా, అవే కార్లను ఇష్టపడుతున్నారు. నమ్మకమైన, మన్నికైన బండి కావాలన్నది వాళ్ల ఆలోచన కావచ్చు. బయటి నుంచి చూస్తే ఈ రెండు రకాల మనుషులూ ఒకే బండిలో ఉంటారు.

మన దేశంలో ఇంకో మెలిక ఉంది. ఖరీదైన కారు కొన్నవారు ఒకరు, స్టీరింగ్ ముందున్నది జీతానికి పనిచేసే డ్రైవరు. ‘ఫ్లైట్ టైమయింది, తొందరగా పోనీ’ అన్న మాట వెనక సీటులోంచి వస్తుంది. చలానా, తిట్లు, కేసు ముందు సీటుకు వస్తాయి. అక్కడ బండిని చూసి ఎవరి మనస్తత్వాన్ని లెక్కగట్టాలి?

మనం హారన్ ఎవరి మీద కొడతాం?

ఈ ముద్రలు అంత బలంగా నిలవడానికి ఒక కారణం మన జ్ఞాపకం పనిచేసే తీరు. పొద్దున్నుంచి వంద బండ్లు కట్ కొట్టినా, వాటిలో థార్ ఒకటుంటే సాయంత్రం ఇంటికొచ్చి చెప్పేది దాని గురించే. పేరు లేని హ్యాచ్‌బ్యాక్‌ను మర్చిపోతాం. మర్యాదగా ఆగి దారిచ్చిన థార్‌ను అసలు గమనించనే గమనించం. పైగా 2023-24లో దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో దాదాపు 60 శాతం యుటిలిటీ వాహనాలే. ఎక్కువగా ఉన్న బండి తప్పుల్లోనూ ఎక్కువగా కనిపిస్తుంది.

మరో కారణం కొంచెం ఇబ్బందిపెట్టేది. 1968లో డూబ్, గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు కాలిఫోర్నియాలో ఒక ప్రయోగం చేశారు. గ్రీన్ సిగ్నల్ పడినా కదలకుండా కారును నిలిపి, వెనకవాళ్లు ఏం చేస్తారో చూశారు. పాత కారు అయితే 84 శాతం మంది హారన్ కొట్టారు. ఖరీదైన కారు అయితే 50 శాతం మందే కొట్టారు. ‘మీరైతే ఏం చేస్తారు’ అని విద్యార్థులను విడిగా అడిగితే మాత్రం, మగపిల్లలు ఖరీదైన కారు మీదే ముందు హారన్ కొడతామన్నారు. మాటల్లో ధైర్యం, రోడ్డు మీద జంకు. పెద్ద బండికి సైడ్ ఇవ్వడం మనమే అలవాటు చేస్తున్నామేమో ఆలోచించాలి.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

డ్రైవరు ఎంత మంచివాడైనా, బండి ఆకారం మాత్రం తన పని తాను చేస్తుంది. అమెరికాలో హైవే భద్రతా బీమా సంస్థ సుమారు 18,000 పాదచారుల ప్రమాదాలను విశ్లేషించి 2023లో ఒక నివేదిక ఇచ్చింది. బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండ్లు ఢీకొంటే, 30 అంగుళాల లోపు ఎత్తు, వాలుగా ఉండే బానెట్ ఉన్న కార్లతో పోలిస్తే పాదచారి చనిపోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని తేలింది. దెబ్బ కాళ్లకు కాకుండా ఛాతీకి, తలకు తగలడం ఇందుకు ఒక కారణం.

మన లెక్కలు చూస్తే, 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనదారులు, 19.5 శాతం పాదచారులు. 71 శాతం మరణాలకు అతివేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. సేదరపేట్ లాంటి చోట లారీలు, కార్లు, షిఫ్టు వదిలాక వచ్చే బైకులు ఒకే రోడ్డును పంచుకుంటాయి. అక్కడ ఎదుటి బండి బ్రాండ్ కన్నా దాని వేగం, బరువు, ఎత్తు ముఖ్యం. అతివేగం, రాంగ్ రూట్ బ్రాండును బట్టి రావు. బైకు మీద వచ్చేవాడూ ఫుట్‌పాత్ ఎక్కించేస్తాడు.

చట్టం దేన్ని చూడాలి?

పోలీసులు బండి పేరు చూసి ఆపడం మొదలుపెడితే రెండు తప్పులు జరుగుతాయి. తప్పు చేయని థార్ యజమాని రోజూ సంజాయిషీ చెప్పుకోవాలి. అతివేగంతో వెళ్లే మామూలు కారు చల్లగా జారుకుంటుంది.

కంటికి కనిపించే, కొలవగలిగే వాటిపై చట్టం బాగా పనిచేస్తుంది. నల్ల ఫిల్మ్‌లను సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లో నిషేధించింది. ఎర్ర బుగ్గలను కేంద్రం 2017 మే 1 నుంచి తీసేయించింది. ఇవి ఏ బండికైనా, ఎవరికైనా వర్తించే నిబంధనలు. స్పీడ్ కెమెరా కూడా అంతే, అది బ్రాండు చూడదు, వేగం చూస్తుంది.

అయినా జనం కోపం తగ్గకపోవడానికి కారణం ఉంది. 2024 మేలో పుణెలో 17 ఏళ్ల కుర్రాడు నడిపిన పోర్షే ఇద్దరి ప్రాణాలు తీసింది. అప్పుడు దేశాన్ని మండించింది కారు ధర కన్నా, 300 పదాల వ్యాసం రాయమన్న షరతుతో కొన్ని గంటల్లోనే దొరికిన బెయిల్. ‘ఆ బండివాళ్లు అంతే’ అని మనం అన్నప్పుడు చాలాసార్లు మన ఉద్దేశం ‘వాళ్లకేమీ కాదు’ అని. ఆ నమ్మకం పోవాలంటే థార్‌లను ఆపితే సరిపోదు. స్కూటర్‌కు పడిన చలానా ఫార్చ్యూనర్‌కూ పడాలి, పడిన చలానా ఫోన్ కాల్‌తో రద్దు కాకూడదు.