తొలి అమెరికా చదువు ప్రయాణం: అపోహలు – వాస్తవాలు

వీసా స్టాంపింగ్ అయి, చిలుకూరు బాలాజీకి 108 ప్రదక్షిణల మొక్కు తీరితే ఇంట్లో సగం బరువు దిగుతుంది. అక్కణ్నుంచి సలహాలు మొదలవుతాయి. సీనియర్లు ఒకటంటే, కన్సల్టెన్సీ మరొకటంటుంది. ఆ మాటల్లో ఏది నిజమో శంషాబాద్ బయల్దేరకముందే తేల్చుకోవాలి.

అపోహ: వీసా ఉంటే అమెరికాలో అడుగుపెట్టినట్టే.

వాస్తవం: వీసా అక్కడి గడప దాకానే. లోపలికి రానిచ్చేది విమానాశ్రయంలోని ఇమిగ్రేషన్ అధికారి. ఐ-20లో ఉన్న కోర్సు ప్రారంభ తేదీకి 30 రోజుల కంటే ముందు కొత్త ఎఫ్-1 విద్యార్థిని అనుమతించరు. టికెట్ కొనేముందే ఆ తేదీ చూసుకోండి. పాస్‌పోర్టు, సంతకాలున్న ఐ-20, అడ్మిషన్ లెటర్, బ్యాంకు పత్రాలు క్యాబిన్ బ్యాగులోనే పెట్టుకోండి. చెకిన్ బ్యాగు చేతికొచ్చేది ఇమిగ్రేషన్ దాటాకే.

అపోహ: పక్క గదిలోకి పిలిచారంటే వెనక్కి పంపేసినట్టే.

వాస్తవం: అది అదనపు తనిఖీ మాత్రమే. రికార్డు సరిచూడటానికో, ఇంకొన్ని ప్రశ్నలు అడగటానికో పిలుస్తారు. ఇంగ్లిష్ తడబడితే దుబాసీ కావాలని అడగొచ్చు. ఏం చదువుతారు, ఫీజు ఎవరు కడతారు, ఎక్కడ ఉంటారు అన్నవాటికి బట్టీ పట్టిన జవాబులు వద్దు, ఉన్నదున్నట్టు చెప్పండి. ‘పార్ట్‌టైమ్ చేసి ఫీజు కట్టుకుంటా’ అన్న ఆలోచన ఉంటే ఇక్కడే వదిలేయండి. తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల పనికే వీలుంది. అనుమతి లేకుండా బయట పని చేస్తే స్టేటస్ పోతుంది.

అపోహ: శంషాబాద్‌లో వేసిన బ్యాగులు నేరుగా చివరి ఊరికే చేరతాయి.

వాస్తవం: దోహా, దుబాయ్‌లలో విమానం మారినా బ్యాగుల సంగతి విమాన సంస్థే చూసుకుంటుంది. అమెరికాలో మొదట దిగిన చోట మాత్రం సాధారణంగా మీరే తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. షికాగోలో దిగి సెయింట్ లూయిస్ వెళ్లాలంటే రెండు విమానాల మధ్య ఇందుకు తగిన వ్యవధి ఉండాలి. అబుదాబి నుంచి వెళ్లేవారికి ఈ తనిఖీలు అక్కడే పూర్తవుతాయి.

అపోహ: తిండి సరుకులు దాచి తీసుకెళ్లాలి, చెబితే అన్నీ లాగేసుకుంటారు.

వాస్తవం: గట్టిగా ప్యాక్ చేసిన ఆవకాయ, గోంగూర పచ్చళ్లకు మామూలుగా అభ్యంతరం ఉండదు. చికెన్, మటన్ పచ్చళ్లు, కరివేపాకు, తాజా పండ్లు, బియ్యం మాత్రం వద్దు. కరివేపాకు మీది పురుగు నిమ్మ, నారింజ తోటలకు తెగులు తెస్తుందని, బియ్యంతో ధాన్యం పురుగు వస్తుందని అక్కడి భయం. ఏ తిండి ఉన్నా ఉందని చెప్పండి. చెబితే పోయేది ఆ వస్తువే, దాస్తే జరిమానా పడుతుంది.

అపోహ: 10,000 డాలర్లు దాటితే నేరం.

వాస్తవం: ఎంతైనా తీసుకెళ్లొచ్చు, 10,000 దాటితే రాసివ్వాలి. రాయకపోవడమే నేరం. మన దగ్గర నుంచి నోట్ల రూపంలో 3,000 డాలర్ల దాకానే తీసుకెళ్లనిస్తారు కాబట్టి మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోండి.

దాస్తేనే గట్టెక్కుతామన్న భయమే పిల్లల్ని ఎక్కువగా ఇబ్బందుల్లోకి నెడుతోంది. సందేహం వస్తే యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి మెయిల్ రాయండి. జవాబివ్వడం వారి బాధ్యత, అడగడం మీ హక్కు.