జంతు ప్రదర్శనశాలలో మనం చూచేదేమిటి?

హైదరాబాదు నగరంలో చదువుకొనే విద్యార్థులలో నెహ్రూ జంతు ప్రదర్శనశాలను చూడనివారు అరుదు. పాఠశాల రోజులలో ఉపాధ్యాయుల వెంట ఒకసారి, ఊరినుండి బంధువులు వచ్చినప్పుడు ఒకసారి, ఈద్ మరునాడో సంక్రాంతి సెలవులలోనో స్నేహితులతో మరొకసారి మనమందరం ఆ ద్వారం దాటినవారమే. కాని సాయంకాలం ఇంటికి చేరిన తర్వాత "ఏమి చూచి వచ్చావు?" అని పెద్దలు అడిగితే మనలో చాలామంది ఇచ్చే సమాధానం ఒక్కటే: "పులి పడుకొని ఉన్నది, ఏనుగు నిలబడి ఉన్నది, రైలు ఎక్కాము." సుమారు 380 ఎకరాల ఉద్యానవనంలో ఒక పగలంతా తిరిగి తెచ్చుకొన్న జ్ఞానం ఇంతేనా? లోపం జంతువులలో ఉన్నదా, వాటిని చూపే పద్ధతిలో ఉన్నదా, చూచే మనలో ఉన్నదా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా కొంత పూర్వచరిత్ర. నిజాం కాలంనుండి నగరంలోని బాగ్-ఎ-ఆమ్‌లో చిన్న జంతుశాల ఒకటి ఉండేది. ఇరుకైన పంజరాలకు మారుగా విశాలమైన స్థలం కావాలనే తలంపుతో 1959 అక్టోబరులో మీర్ ఆలం చెరువు ప్రక్కన నూతన ఉద్యానవనానికి అంకురార్పణ జరిగినది. 1963 అక్టోబరు 6వ తేదీన దానిని ప్రజల దర్శనార్థం తెరచారు. పాత తోటనుండి తరలివచ్చిన జీవులలో ఒక పెద్ద తాబేలు కూడ ఉన్నది. దాదాపు 125 సంవత్సరాల వయస్సు కలదని చెప్పబడిన ఆ తాబేలు 2024 మార్చిలో మరణించినది. నిజాముల ఏలుబడిని, పోలీసు చర్యను, భాషా ప్రయుక్త రాష్ట్రాన్ని, తెలంగాణ రాష్ట్రాన్ని కూడ చూచిన ఆ నగరవాసి ముందు మనం ఎన్నిసార్లు నిలిచామో, ఎంతసేపు నిలిచామో ఎవరికి వారే గుర్తు చేసుకోవలసి ఉన్నది.

ఇక అసలు విషయం. జంతుశాల గొప్పతనాన్ని జంతువుల లెక్కతో కొలవడం పాత అలవాటు. ఎన్ని జాతులు, ఎన్ని పక్షులు, ఎన్ని పాములు అని లెక్కించి సంతోషించడం వస్తువులు కూడబెట్టేవాని సంతోషం వంటిది. వైవిధ్యమనేది జంతువులలో మాత్రమే కాదు, వాటిని చూపే తీరులో కూడ ఉన్నది. ఒకే సింహం ఇనుప కటకటాల వెనుక ఒక విధంగానూ, కందకం ఆవల మరొక విధంగానూ, మనం ఎక్కిన వాహనం ప్రక్కన నడచినప్పుడు వేరొక విధంగానూ కనబడుతుంది. జంతువు మారలేదు. దానికీ మనకూ మధ్యనున్న అడ్డు మారినది.

కటకటాలను తొలగించాలనే ఆలోచనకు గొప్ప ప్రచారం తెచ్చినవాడు కార్ల్ హేగెన్‌బెక్ అనే జర్మను జంతు వ్యాపారి. ఏ జంతువు ఎంత దూరం, ఎంత ఎత్తు దూకగలదో పరీక్షించి, ఆ కొలతల ప్రకారం కందకాలు త్రవ్వించి, 1907లో హాంబర్గ్ దగ్గర స్టెల్లింగెన్‌లో ఆయన తన జంతుశాలను తెరచాడు. చూపరుల కంటికి కందకం ఆనదు. ఎదుట గడ్డి, బండలు, వాటిపై సింహం మాత్రమే కనబడతాయి. మన ఉద్యానవనంలోని పెద్ద ఆవరణలలో అనేకం ఈ పద్ధతిలో నిర్మింపబడినవే. అయితే కందకం కంటికి అడ్డును తొలగిస్తుందే కాని ప్రమాదాన్ని తొలగించదు. 2014 సెప్టెంబరులో ఢిల్లీ జంతుశాలలో ఒక యువకుడు తెల్లపులి ఆవరణలోని కందకంలో పడి ప్రాణాలు కోల్పోయిన సంగతి వార్తాపత్రికలు చదివినవారికి తెలిసినదే. పిట్టగోడ పైకెక్కి ఫోటో తీసుకొనే మిత్రులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవవలసినదిగా ప్రార్థన.

కందకం తర్వాతి మెట్టు సఫారి. 1974లో మన ఉద్యానవనంలో సింహాల సఫారి ఆరంభమైనది. ఇటువంటి ప్రయత్నం దేశంలో అదే మొదటిదని చెబుతారు. ఇక్కడ సంబంధం తలక్రిందులవుతుంది. సింహం ఆరుబయట తిరుగుతుంది, జాలి కిటికీల బండిలో బందీలుగా ఉండేది మనం. బండి ఆగినప్పుడు, అంతవరకు కేకలు వేస్తున్న పిల్లలు కూడ నిశ్శబ్దంగా మారడం నేను అనేకమార్లు గమనించాను. ఆ నిశ్శబ్దం ఏ ఉపన్యాసంవల్లా రాదు.

వీటన్నిటికంటె నాకు ఆశ్చర్యం కలిగించినది నిశాచర జంతుశాల. రాత్రి సంచరించే జీవులను పగలు చూపడం ఎట్లా? అవి పగలంతా నిద్రించును. అవి మేలుకొనే వేళకు ద్వారాలు మూసివేస్తారు. ఈ చిక్కును విడదీసిన ఉపాయం సులభమైనది. పగటివేళ లోపల చీకటి చేసి, మసక దీపాలు మాత్రమే ఉంచుతారు. రాత్రి ప్రకాశవంతమైన దీపాలు వెలిగిస్తారు. కొన్నాళ్ళకు ఆ జీవుల శరీర గడియారం తిరగబడి, మన పగలు వాటికి రాత్రి అవుతుంది. ఇటువంటి శాలను మన దేశంలో మొదట నిర్మించిన ఘనత కూడ ఈ ఉద్యానవనానిదేనని చెబుతారు.

అయితే ఆ శాలలోనికి ప్రవేశించే సందర్శకుడు బయటి ఎండలోనుండి వస్తాడు. చీకటికి కన్ను అలవాటుపడడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కొన్ని నిమిషాలు ఓపిక పట్టక, "ఏమీ లేదు, ఖాళీ" అంటూ రెండవ ద్వారంనుండి బయటపడేవారే ఎక్కువ. నిలిచినవానికి మాత్రం ముందుగా రెండు గుండ్రని కళ్ళు, తర్వాత సన్నని చేతులు, ఆ తర్వాత కొమ్మను పట్టుకొని గడియారపు ముల్లువలె మెల్లగా జరిగే ఒక చిన్న ప్రాణి కనబడుతుంది. అది దేవాంగపిల్లి. పేరులో పిల్లి ఉన్నదే కాని దానికీ పిల్లికీ ఏ బంధుత్వమూ లేదు. అది కోతుల వైపు చుట్టం, ఆ విధంగా మనకు కూడ దూరపు చుట్టం. దక్షిణ భారతంలోనూ సింహళంలోనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా అడవులలో కనబడదు. పురుగులను తిని జీవిస్తుంది. తూర్పు కనుమలలో మన పొరుగున ఉన్న ఈ ప్రాణిని చూడక, ఆఫ్రికా జిరాఫీని చూచి వచ్చామని చెప్పుకొనడం మనకు పరిపాటి అయినది.

గత సంవత్సరం డిసెంబరులో నేను డిగ్రీ విద్యార్థులు కొందరిని ఈ శాలకు తీసుకొనివెళ్ళాను. ఒక విద్యార్థి, తెలివైనవాడే, ఏమీ కనబడడం లేదన్న విసుగుతో అద్దంపై అరచేతితో గట్టిగా చరిచాడు. లోపల ఏదో కదలి మరింత చీకటిలోనికి తప్పుకొన్నది. అక్కడి సంరక్షకుడు కోపగించుకొనలేదు. దగ్గరకు వచ్చి, "బాబూ, రాత్రి రెండు గంటలకు మీ ఇంటి తలుపు ఎవరైనా అట్లా కొడితే ఎట్లా ఉంటుంది? దానికి ఇప్పుడు అర్ధరాత్రి" అని మాత్రం అన్నాడు. ఆ విద్యార్థి తల దించుకొన్నాడు. నేను అతనిని మందలించలేదు. మందలించే అర్హత నాకు లేదు. నా చిన్నతనంలో ఇదే ఉద్యానవనంలో కోతులకు వేరుసెనగకాయలు విసరి, అవి అందుకొనబోయినప్పుడు ఖాళీ పొట్లం చూపి నవ్విన గుంపులో నేనూ ఒకడిని. జంతుశాలలోని ప్రాణిని బాధించడం, రెచ్చగొట్టడం, దానికి తిండి పెట్టడం, ఆవరణలో చెత్త వేయడం ఈనాడు వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరాలు. కాని మా గుంపును ఆపవలసినది చట్టం కాదు, ప్రక్కన నిలిచి మాతోపాటు నవ్విన పెద్దలు.

మనం నవ్వుతూ చూచే వాటిలో మరొకటి ఉన్నది. ఎలుగుబంటి ఒకేచోట నిలిచి తల అటూ ఇటూ ఊపుతుంటే "నాట్యం చేస్తున్నది" అని పిల్లలకు చూపుతాము. చిరుతపులి ఒకే బాటలో ముందుకు వెనుకకు తిరుగుతుంటే "కాపలా కాస్తున్నది" అంటాము. అది నాట్యమూ కాదు, కాపలా కాదు. అడవిలో ఆహారం వెదకడంలో గడవవలసిన కాలం పంజరంలో గడవక, మనస్సుకు పని లేక పుట్టే వికారం అది. దీనికి మందుగా మంచి జంతుశాలలలో ఆహారాన్ని దుంగల తొర్రలలో దాచుతారు, ఎక్కడానికి మొద్దులు, ఆడుకొనడానికి వస్తువులు అమర్చుతారు. ఈసారి వెళ్ళినప్పుడు ఆవరణలో ఒక మొద్దు, ఒక నీటి గుంట, వ్రేలాడే ఒక టైరు కనబడితే అవి అలంకారానికి కావని గ్రహించగలరు.

అందరూ ఎక్కువగా గుమికూడేది తెల్లపులి దగ్గర. అది వేరొక జాతి అని చాలామంది నమ్మకం. నిజానికి అది మన మామూలు పులియే. ఒక జన్యువులోని మార్పువలన పసుపు వన్నె పోయి తెలుపు మిగిలినది. 1951లో రీవా సంస్థానాధీశులకు చిక్కిన మోహన్ అనే తెల్ల పులిపిల్ల సంతతియే నేడు జంతుశాలలలో ఉన్న తెల్లపులులలో చాలా భాగం. రంగు నిలవడానికి ఆ పులిని దాని కూతురితోనే జతకట్టించారు. అటువంటి దగ్గరి రక్తసంబంధాల ఫలితంగా మెల్లకన్ను మొదలైన లోపాలు ఆ వంశానికి సంక్రమించినవి. అందం ఉన్నది, కాదనను. కాని ఆ అందానికి ఆ ప్రాణులు చెల్లించిన మూల్యం బోర్డుమీద వ్రాసి ఉంటే మన చూపు మారును.

దీనికి భిన్నంగా, ఎవరూ గుమికూడని ఒక ప్రాణి కథ చెబుతాను. మూషిక జింక కుందేలంత ఉంటుంది. ఇది మూషికం కాదు, సరియైన జింక కూడ కాదు. కొమ్ములు ఉండవు, మగదానికి చిన్న కోరలుంటాయి. అడవులలో తరిగిపోతున్న ఈ ప్రాణిని పెంచడానికి అత్తాపూరులోని లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు, జంతుశాలవారు కలసి 2010లో పని ప్రారంభించారు. వాటి సంఖ్య పెరిగిన తర్వాత కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో విడిచిపెట్టారు. అడవినుండి జంతువును పట్టి తెచ్చే చోటుగా పుట్టిన జంతుశాల, జంతువును అడవికి తిరిగి పంపే చోటుగా మారడం ఈ కాలపు విశేషం. ఇటువంటి పని సందర్శకులకు కనబడని ఆవరణలలో జరుగుతుంది. మనం కొన్న టిక్కెట్టులో చూడలేని దానికి కూడ కొంత పాలు ఉన్నదన్నమాట.

సందర్శకునికీ జంతువుకూ మధ్య కందకమూ అద్దమూ మాత్రమే ఉన్నవని తలచేవారికి 2021 సంవత్సరం మరొక పాఠం నేర్పినది. ఆ ఏప్రిల్‌లో మన సఫారి సింహాలు ఎనిమిదింటికి దగ్గు, శ్వాసలో ఇబ్బంది కనబడగా నమూనాలు తీసి పరీక్షకు పంపారు. కోవిడ్ సోకినట్లు మే 4వ తేదీన తేలినది. మన దేశంలో జంతుశాలల ప్రాణులలో అట్లా బయటపడడం అదే మొదటిసారి. వ్యాధి మనుష్యులనుండే వాటికి సోకి ఉంటుందని భావించారు. అదృష్టవశాత్తు అవి కోలుకొన్నవి. గిర్ అడవులలోనూ వాటి చుట్టుప్రక్కల ప్రాంతాలలోనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా స్వేచ్ఛగా మిగలని ఆసియా సింహానికి మన ఊపిరి కూడ ముప్పు కాగలదని ఎవరు ఊహించగలిగారు?

కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం చేసి ముగిస్తాను. ప్రతి సంవత్సరం విహారయాత్ర పేరిట రెండు బస్సులలో విద్యార్థులనందరినీ ఒకే దినం తీసుకొనివెళ్ళే ఆచారం మన కళాశాలలో ఉన్నది. మధ్యాహ్నం పన్నెండు గంటలకు చేరి, భోజనం చేసి, నిద్రించే పులిని చూచి తిరిగి వస్తాము. సింహం రోజులో ఇరువది గంటల వరకు విశ్రమించే ప్రాణి. మిట్టమధ్యాహ్నం దానినుండి మరేమి ఆశించగలము? దీనికి బదులు ఇరువదిమంది చొప్పున చిన్న బృందాలుగా, ద్వారం తెరచే వేళకే చేరేటట్లు పంపవలసినదిగా కోరుతున్నాను. ఒక్కొక్క బృందం మూడు ఆవరణలకు మించి చూడనక్కరలేదు. ఒక్కొక్కచోట అరగంట కూర్చుండి, చూచినది పుస్తకంలో వ్రాసికొని రావాలి. అద్దం చరిచిన ఆ విద్యార్థియే జనవరిలో తన తమ్ముని వెంటబెట్టుకొని మరల వెళ్ళి, దేవాంగపిల్లి ఒక కొమ్మనుండి మరొక కొమ్మకు మారడం చివరివరకు చూచి వచ్చానని నాతో చెప్పాడు. వ్రాసి తెచ్చిన కాగితం కూడ చూపాడు.

సోమవారం మాత్రం జంతుశాలకు సెలవు. ఆ సంగతి మరచి ఒకసారి నేను, మా చరిత్రోపన్యాసకులు బహదూర్‌పురా దాకా వెళ్ళి, ద్వారం దగ్గర చాయ్ త్రాగి తిరిగివచ్చాము.