శిలలను గూర్చిన అపోహలు – వాస్తవములు

వంటింటి గట్టుపై పఱచిన నల్లని కడప బండను, అంగడిలో గ్రానైటను పేర అమ్మెడు రాతిని ప్రక్కప్రక్కన నుంచి చూచినవారు, నునుపును బరువును బట్టి రెండును ఒకే జాతివని తలంచుట సహజమే. కాని కోసిన నిమ్మచెక్కను కడప బండపై కొంతసేపు బోర్లించి తీసినచో ఆ తావున మెఱుగు చెడి పాలిపోయిన మచ్చ తేలును, గ్రానైటుపై అట్టి మచ్చ కానరాదు. కారణమేమన, కడప బండ సున్నపురాయి: అనేక కోట్ల యేండ్ల క్రిందట ఆ సీమను కప్పియుండిన సముద్రపు టడుగున సున్నపు బురద పొరపొరగా పేరుకొని, పైబరువునకు అణగి, గట్టిపడి శిలయైనది, అందువలననే అది పలకలుగా విచ్చును, ఆమ్లమునకు కరగును.

గ్రానైటు పుట్టుక వేఱు. భూమిలోపల కొన్ని కిలోమీటర్ల లోతున శిలాద్రవము మిక్కిలి నెమ్మదిగా చల్లారుటచే, స్ఫటికములు పెరుగుటకు తగిన వ్యవధి కలిగి, కంటికి కానవచ్చునంత పెద్ద పలుకులైనవి. సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి హైదరాబాదు గుట్టలలో క్రొత్తగా విఱిగిన చెక్కనొకదానిని చేతబట్టి ఎండలో త్రిప్పి చూడుడు: బూడిదవన్నెతో నిగనిగలాడునది క్వార్ట్జ్, లేత గులాబివన్నెతో చదునైన ముఖములు చూపునది ఫెల్‌స్పార్, నల్లగా తళుక్కుమను సన్నని పొరలు అభ్రకము. నియతమైన రసాయనిక నిర్మాణమును, పరమాణువుల క్రమవిన్యాసమును గల యీ మూడును ఖనిజములు. వాని కూటమి శిల. రాయియు ఖనిజమును ఒకటే యను భ్రమ ఈ యొక్క చెక్కతోనే తొలగిపోవును. వికారాబాదు ప్రాంతపు నల్లరాయి మాత్రము సుమారు 6.6 కోట్ల సంవత్సరముల నాడు నేలపై ప్రవహించి వేగముగా చల్లారిన లావా. దాని రేణువులను కంటితో వేఱుపఱచుట కష్టము.

ఒంగోలు చెంతనున్న చీమకుర్తి గనులనుండి దేశదేశములకు పోవు గాలక్సీ రాతిలోని మెఱపులు బంగారమని నమ్మువారు నేటికిని కలరు. అవి ఇనుము, మెగ్నీషియము గల బ్రాంజైటను ఖనిజపు పలుకులు. ఆ రాయి గ్రానైటును కాదు; గాబ్రో వర్గమునకు చెందినది.

చేనిలో ఏటేట రాళ్లు ఏరివేసినను మరల తేలుచుండుటచే రాళ్లు పెరుగునని రైతులలో కొందఱి విశ్వాసము. వారు చూచినది సత్యమే. పైమన్ను వానకు కొట్టుకొనిపోవగా, నాగలి కదల్పగా, లోపలి రాళ్లు బయటపడుచున్నవి. పెరుగు శిల లేకపోలేదు: బొఱ్ఱా గుహల కప్పునుండి జాఱు నీటిబొట్టు తనలో కరగియున్న సున్నమును విడిచిపోవ, అది పైపైన పేరుకొని స్తంభమగును. అచట లోనుండి వృద్ధి యేమియు లేదు.

తొలకరిలో వజ్రకరూరు, జొన్నగిరి పరిసరముల పొలములలో వజ్రములకై వెదకు జనులను చూచి, వానకో పిడుగుకో వజ్రములు పుట్టునని కొందఱందురు. ఇచటను వాన చేయు పని పైమన్నును కడుగుటయే. వజ్రములు నూటయేబది కిలోమీటర్లకు మించిన లోతులందు, దుర్భరమైన ఒత్తిడిలో రూపొంది, కింబర్లైటను శిలాద్రవముతో పైకి ఎగసివచ్చినవి. బొగ్గే మాగి వజ్రమగునను మాట పాఠశాలలలో సైతము వినబడుచున్నది గాని, వజ్రకరూరు కింబర్లైట్లు సుమారు 110 కోట్ల సంవత్సరముల క్రిందటివి; అప్పటికి నేలపై ఒక్క చెట్టైనను మొలవలేదు. వృక్షములు పూడి యేర్పడిన సింగరేణి బొగ్గు వయస్సు ముప్పది కోట్ల సంవత్సరములకు మించదు. రెంటను ఉన్నది కర్బనమే యైనను, ఆ బొగ్గు ఇంకను లోతుకు క్రుంగి తీవ్రమైన వేడికి లోనైనచో ముందు ఆంత్రసైటు, ఆపై గ్రాఫైటు కాగలదు.