మతి కోల్పోయిన తల్లిదండ్రుల సేవ

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను దివ్య ఖుర్ఆన్ అనేక చోట్ల ఆదేశించింది. అయితే బనీ ఇస్రాయీల్ సూరా 23వ వాక్యం వారి వృద్ధాప్యాన్ని ప్రత్యేకంగా పేర్కొని, ఆ దశలో వారి ఎదుట విసుగుతో ‘ఉఫ్’ అని కూడా అనరాదని నిషేధించింది. ఆ దశనే ఎందుకు పేర్కొన్నది? సంతానానికి విసుగు పుట్టే దశ అదే గనుక.

మనుషులలో కొందరు ఎంతో తెలిసిన తరువాత ఏమీ తెలియని నిస్సహాయ వయస్సుకు మరలింపబడతారని నహల్ సూరా 70వ వాక్యం తెలుపుతున్నది. దైవప్రవక్త (స) స్వయంగా అటువంటి వయస్సు నుండి అల్లాహ్ శరణు కోరేవారని బుఖారీ హదీసు గ్రంథంలో ఉన్నది. ఈ స్థితిని కలిగించే మెదడు వ్యాధులను నేటి వైద్యులు డిమెన్షియా అంటున్నారు. వాటిలో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. ఇది దయ్యం పట్టడం కాదు, పాపఫలం కాదు, మొండితనం అంతకన్నా కాదు.

వ్యాధి ముదిరినప్పుడు తల్లి కన్నకొడుకునే గుర్తించదు. స్నానం చేయించబోతే పరాయివారెవరో పైకి వస్తున్నారని భయపడి కొడుతుంది. మలమూత్రాలపై అదుపు తప్పుతుంది. అసర్ దాటి పొద్దు వాలే వేళ కొందరిలో ఆందోళన పెరుగుతుంది. చివరకు మాట పోతుంది, మింగడం కష్టమవుతుంది.

ఇక్కడ ఒక హదీసును గుర్తుంచుకోవాలి. నిద్రించేవాడు మేల్కొనే వరకు, బాలుడు యుక్తవయస్సుకు వచ్చే వరకు, మతి లేనివాడు తెలివి పొందే వరకు వారి కర్మలు వ్రాసే కలం ఎత్తివేయబడిందని అబూదావూద్ గ్రంథంలో ఉల్లేఖించబడింది. అంటే ఆ తల్లి నోట వచ్చిన తిట్టు వ్రాయబడదు. దానికి మనమిచ్చే జవాబు మాత్రం వ్రాయబడుతుంది. మన పరీక్ష అక్కడే ఉన్నది.

కనుక ఆమెతో వాదించవద్దు. ఎప్పుడో గతించిన తన తల్లి కోసం ఆమె వెదుకుతుంటే, ‘చనిపోయింది కదా’ అని పదే పదే చెప్పి ప్రతిసారీ కొత్త దుఃఖం కలిగించవద్దు. చేయి పట్టుకొని, ఆ తల్లిని గురించి నాలుగు మాటలు మాట్లాడించండి. అన్నం మెత్తగా కలిపి, కూర్చోబెట్టి, చిన్న చిన్న ముద్దలుగా పెట్టండి. తిన్న వెంటనే పడుకోబెట్టవద్దు. ఆహారం ఊపిరితిత్తులలోకి పోతే న్యుమోనియా ప్రమాదం ఉన్నది. మంచం పట్టినవారిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, లేకుంటే పుండ్లు పడతాయి. ఉన్నట్టుండి కలవరం పెరిగితే అది మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్లనో, చెప్పుకోలేని నొప్పి వల్లనో కావచ్చు. కోప్పడక వైద్యునికి చూపించండి.

మతిస్థిమితం పూర్తిగా పోయినవారిపై నమాజు, ఉపవాసం విధి కావు. ఉపవాసానికి ఫిద్‌యా అన్నది తెలివి ఉండి శక్తి లేని వృద్ధునికి సంబంధించినది. తండ్రి రకాతులు మరచిపోతే గద్దించవద్దు. ఏమీ గుర్తులేని వ్యక్తి సైతం ఫాతిహా వినగానే పెదవులు కదపవచ్చు. ఆయన దగ్గర కూర్చొని మెల్లగా పారాయణం చేయండి. మతి లేని వ్యక్తి చేసిన అమ్మకం గాని, దానం గాని షరీఅత్‌లో చెల్లదు. అటువంటి తండ్రి చేత ఆస్తి పత్రాలపై వేలిముద్ర వేయించుకోవడం తోటి వారసుల హక్కును కాజేయడమే.

సోదరులారా! ఈ సేవ ఎవరి బాధ్యత? మన ఇళ్ళలో ఈ భారమంతా కోడలి మీదనో, పెళ్ళి కాని కూతురి మీదనో పడుతున్నది. అత్తమామల సేవ కోడలికి గొప్ప పుణ్యమే గాని, ధర్మశాస్త్రం ఆమెపై మోపిన విధి కాదు. విధి కొడుకులది, కూతుళ్ళది. గల్ఫ్ నుండి డబ్బు పంపినంత మాత్రాన అన్న బాధ్యత తీరదు. సెలవు మీద వచ్చినప్పుడు కొన్ని రాత్రులు తానే మేలుకొని, తమ్ముడిని నిద్రపోనివ్వాలి. అల్లాహ్ ఎవరిపైనా శక్తికి మించిన భారం వేయడు. మరి మనం ఒక్కరి మీదనే అంత భారం ఎందుకు వేస్తున్నాము?

బద్ర్ యోధులైన సయీద్ బిన్ జైద్ (రజి) ఒక జుమా నాడు అస్వస్థులయ్యారని తెలిసి, ఇబ్నె ఉమర్ (రజి) ఆయన వద్దకు బయలుదేరారు. జుమా వేళ సమీపించినా వెళ్ళక, ఆ రోజు నమాజును విడిచారని బుఖారీలో ఉన్నది. తాను తప్ప వేరే దిక్కు లేని రోగిని కనిపెట్టుకొని ఉన్నవానికి జుమాకు రాలేకపోవడంలో మినహాయింపు ఉన్నదని పండితులు చెప్పారు. కనుక కొంతకాలంగా ఈ వరుసలో కనిపించని సోదరుని గురించి చెడుగా తలచవద్దు. ఈ రోజే అతని తలుపు తట్టండి. ఒక గంట రోగి వద్ద మీరు కూర్చొని, అతన్ని అసర్ నమాజుకు పంపండి.

అల్లాహ్ మన తల్లిదండ్రులను కరుణించుగాక! వారి బలహీనతను భరించే సహనాన్ని మనకు, మన సంతానానికి ప్రసాదించుగాక! ఆమీన్.